సేంద్రియ ఆమ్లాలు - మొలకలలో లోహ విషప్రభావ నివారణ

నేలలో కరిగి ఉన్న కొన్ని లోహాలు లేత మొలకల వేర్లకు కలిగించే హానిని లోహ విషప్రభావం అంటారు. సిట్రిక్ ఆమ్లము, మాలిక్ ఆమ్లము, ఆక్సాలిక్ ఆమ్లము వంటి సేంద్రియ ఆమ్లాలు ఈ లోహాలను బంధించి హానిని తగ్గించగలవు. అయితే ఇవి లోహాన్ని నేలనుండి తొలగించవు, దాని రూపాన్ని మాత్రమే మారుస్తాయి.

అల్యూమినియం వలన హాని

భూపటలపు బరువులో సుమారు 8 శాతం అల్యూమినియమే. సాధారణంగా ఇది ఖనిజాలలో కరగకుండా ఉంటుంది. ఉదజని సూచిక (పి.హెచ్.) 5 కంటే తగ్గిన ఆమ్ల నేలలలో మూడు ధనావేశాలు గల అయానుగా కరిగి, వేరు కొనను దెబ్బతీస్తుంది. కొద్ది గంటలలోనే వేరు ఎదుగుదల మందగిస్తుంది. వేర్లు పొట్టిగా, మందంగా మారి నీటిని, భాస్వరాన్ని సరిగా గ్రహించలేవు. భారతదేశంలో ఈశాన్య రాష్ట్రాలలోను, కేరళలోను ఆమ్ల నేలలు విస్తారంగా ఉన్నాయి.

పనిచేసే విధానం

ఈ ఆమ్లాల అణువులలోని కార్బాక్సిల్ సమూహాలు లోహపు అయానును ఒకటికంటే ఎక్కువ చోట్ల పట్టుకొంటాయి. దీనినే కీలేషన్ అంటారు. ఇలా బంధింపబడిన అల్యూమినియం వేరు కణాలకు అంతగా హాని చేయదు. 1986లో ప్రచురితమైన పరిశోధనలో పత్తి మొలకల వేర్లకు సిట్రిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు, చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లము ఎక్కువ రక్షణనిచ్చాయి. మాలిక్ ఆమ్లము మధ్యస్థంగాను, ఎసిటిక్, లాక్టిక్ ఆమ్లాలు స్వల్పంగాను పనిచేశాయి.

మొక్కల సహజ రక్షణ

కొన్ని మొక్కలు ఈ ఆమ్లాలను తామే వేరు కొనల నుండి వెలువరిస్తాయి. అల్యూమినియంను తట్టుకొనే గోధుమ మాలిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుందని 1993లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు డెల్‌హైజ్, రయాన్ తదితరులు చూపారు. ఇందుకు కారణమైన ఎ.ఎల్.ఎం.టి.1 అనే జన్యువును 2004లో గుర్తించారు. మొక్కజొన్న, జొన్నలలో ఈ పని ముఖ్యంగా సిట్రిక్ ఆమ్లము చేస్తుంది.

పరిమితులు

ప్రయోగశాలలో పోషక ద్రావణంలో వచ్చిన ఫలితం పొలంలో రాకపోవచ్చు. నేలలోని సూక్ష్మజీవులు ఈ ఆమ్లాలను త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి. కనుక ఆమ్ల నేలలలో సున్నం వేయడం, పశువుల ఎరువు వాడడం, తట్టుకొనే వంగడాలను ఎంచుకోవడం ప్రధాన మార్గాలుగా ఉన్నాయి.

కాడ్మియం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సిట్రిక్ ఆమ్లము కొన్ని పరిస్థితులలో నేల రేణువులకు అంటిన కాడ్మియంను విడదీసి, మొక్కలోకి చేరే పరిమాణాన్ని పెంచుతుంది. కలుషిత నేలను మొక్కల ద్వారా శుభ్రపరచదలచినప్పుడు ఇది మేలే. ఆహార పంటలో మాత్రం ఆ లోహం గింజలోకి చేరితే తినేవారి మూత్రపిండాలకు ప్రమాదం. అందువలన మొలక ఏపుగా పెరిగినంత మాత్రాన పంట సురక్షితమని భావించరాదు. ఆహార పంటలలో గింజలోని లోహాన్ని కూడా పరీక్షించాలి.