నీటిలెక్క – ఊరి చదువు

సప్తసంతానములలో తటాకము నొకటిగా లెక్కించి, చెఱువు త్రవ్వించిన వారిని పెద్దలు కీర్తించిరి. కొడుకు, కావ్యము, దేవాలయము మున్నగువానివలె చెఱువును కర్త పేరును నిలుపునని వారి విశ్వాసము. అయితే చెఱువు కట్టించుట ఒకరి పుణ్యము. దానిని కాచుకొని, నీటిని తగవులేక పంచుకొనుట పదిమంది పని. కట్టించిన వారి పేరు శాసనమున కెక్కెను. పంచుకొన్న వారి తెలివి ఎక్కడ నిలిచెనన్నది విచారింపదగిన విషయము.

హైదరాబాదు నగరమున అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములు ఈ విచారణ మొదలిడుటకు తగిన చోటు. అమీర్‌పేటకు చేరువనున్న బల్కంపేటలో ఎల్లమ్మ తల్లి నేలమట్టమునకు దిగువన, బావియందు వెలసియున్నది. ఆ ఊటనీటినే భక్తులు తీర్థముగా గొందురు. పంజాగుట్ట ప్రక్కన ఎర్రమంజిల్‌లో నీటిపారుదల శాఖవారి జలసౌధ కలదు. బేగంపేటలో, పూర్వపు నిజామియా వేధశాల ప్రాంగణమున, 1980లో స్థాపితమైన ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రము, 'సెస్', కలదు. ఒకచోట నీటికి పూజ, వేఱొకచోట ఆజ్ఞ, మఱియొకచోట పరిశీలన జరుగుచున్నవి. కాని నీటిని వాడుకొను జనులు ఏమి నేర్చిరో తెలియుటకు పల్లెలకు పోవలయును.

ముందుగా ప్రాచీనుల మాట. కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. ప్రతిదినము వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందు చెప్పబడినది. చెఱువునకు 12 అంగములు, 6 దోషములు పేర్కొనబడినవి. నీరు కొంచెమై భూమి విస్తారమగుట ఒక దోషము. నీరు విస్తారమై భూమి కొంచెమగుటయు దోషమే. అనగా నీటికిని నేలకును లెక్క కుదురవలెనని వారెఱుగుదురు. కట్ట మరమ్మతునకు దశబంధపు మాన్యము, తూము తెఱచుటకు నీరటికాడు అను కట్టుబాట్లు ఆ లెక్కను గ్రామమున నిలుపుచుండెను. పిదప ప్రభుత్వమే చెఱువుల భారము వహించుటతో ఆ బాధ్యత క్రమముగా ఊరి చేయి జాఱెను.

దానిని మరల రైతుల కప్పగింపవలెనని 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము చేసెను. ఆ యేటి జూన్‌లో 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిగెను. కాలువలలో పూడిక తీయించుటచే కొన్నిచోట్ల చివరి పొలములకు నీరందెను. ఇది సామాన్యమైన మేలు కాదు. అయినను సెస్ పరిశోధకుల అధ్యయనములలో మఱియొక పార్శ్వము కనబడినది. సంఘములలో పెద్దరైతుల మాటయే ఎక్కువగా చెల్లెను. నీటితీరువ విధించుట, వసూలు చేయుట ప్రభుత్వము చేతనే యుండెను. భూమి తమ పేర లేని స్త్రీలకు చోటు స్వల్పమయ్యెను. సంఘము పనులు చేయించుట నేర్చినది గాని, ఎంత నీరు వచ్చినది, ఎవరికెంత పోయినది అను ఖాతా చాలచోట్ల దాని చేతికి రాలేదు.

ఆ ఖాతాను రైతు చేతికిచ్చిన యత్నము 2003 మొదలు 2009 వఱకు జరిగినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలోని 638 ఆవాసములందు రైతులే, స్త్రీలును పురుషులును, భూగర్భజలమును కొలిచిరి. వాన ఎంత పడెనో వ్రాసిరి. పదునైదు దినముల కొకసారి బోరుబావులలో నీటిమట్టము చూచిరి. ఆ అంకెలను పదుగురు చూచు పలకపై నెక్కించిరి. రబీకి ముందు సభచేరి, నేలలో నున్న నీరెంత, వేయదలచిన పైరులు త్రాగు నీరెంత యని జమాఖర్చు తేల్చుకొనిరి. వరి తగ్గించి ఆరుతడి పైరులు వేయుమని బలవంతము చేసినవారు లేరు, నిర్ణయము రైతుదే. పలుచోట్ల నీటివాడకము తగ్గినదని 2010 నాటి ప్రపంచబ్యాంకు నివేదిక తెలిపెను.

అయితే పథకము ముగిసి ధనము నిలిచిన పిదప చాల ఊళ్లలో కొలత ఆగెను. తెలిసినంత మాత్రమున మనుజుడు మానడు. పొరుగువాడు క్రొత్త బోరు వేయుచుండగా తానొక్కడే తగ్గించుకొనుట ఎవనికైనను కష్టము. మహబూబ్‌నగర్, అనంతపురము జిల్లాలలో కొన్ని పల్లెలవారు దీనికి విఱుగుడు కనుగొనిరి. బోరుబావులను గొట్టములతో కలిపి, బోరులేని పొరుగురైతుకు నీరిచ్చి, క్రొత్త బోర్లు వేయరాదని ఒడంబడిక చేసికొనిరి. లోటును లెక్క చూపును. ఆ లోటును పంచుకొనుటకు ఒడంబడిక కావలయును. రెండును కూడినప్పుడే ఊరి చదువు పూర్తియగును.

ఈ చదువులో నగరము వెనుకబడియున్నది. 1562 ప్రాంతమున కట్టిన హుస్సేన్‌సాగరము ఒకప్పుడు త్రాగునీరిచ్చినది. కూకట్‌పల్లి నాలా తెచ్చిన మురుగుతో చెడినది. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కదినమున 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఆ నాలాయే పొంగి పల్లపు బస్తీలను ముంచెను. అమీర్‌పేట వాసికి నీరు గొట్టమున వచ్చును, మురుగు గొట్టమున పోవును. నడుమ లెక్క చూచుకొను అలవాటు లేదు.

పథకము ఫలించినదా యని చూచువారు సాధారణముగా ఎన్ని పనులు జరిగెను, ఎంత వ్యయమయ్యెను అని అడుగుదురు. పదియేండ్ల తరువాత ఆ ఊరిలో వానకొలత వ్రాయువారున్నారా, ఆ వ్రాత చూచి సభచేరు అలవాటున్నదా యని అడుగుట మేలైన పరీక్ష. ఆ పుస్తకమునకు తగిన స్థానము గ్రామ గ్రంథాలయము. అధికారి బదిలీయగును, సంఘమునకు కాలము తీరును; గ్రంథాలయపు తలుపు సాయంకాలమున తెఱచియే యుండును. దినపత్రికల బల్లపై నీటిలెక్క పుస్తక మొకటి యుంచి, ఏటేట వానను, చెఱువు మట్టమును, బావుల మట్టమును చదువుకొను పిల్లలచే వ్రాయించినచో, ఆ గ్రంథాలయము చేయు సేవ చెఱువు కట్టించిన పుణ్యమునకు తీసిపోదు.