కొండను కోసిన పెన్న, ఏటి ఒడ్డున మనం

ఉదయగిరి అనగానే పుస్తకాల్లో వచ్చేది ఒక్కటే ముచ్చట. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి దుర్గం గెలిచాడు, దానికి ఏడాదిన్నర పట్టింది అని. అంతకాలం ఎందుకు పట్టిందో తెలియాలంటే కొండ చరిత్ర కూడా చదవాలి.

మన వెలికొండలు ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, బురద. వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైనే. తర్వాత తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి ఆ పొరలు గోడకు నెట్టిన చాపలాగా ముడతలు పడ్డాయి. అందుకే ఈ కొండలు ఉత్తర దక్షిణాలుగా వరసలు కట్టి ఉంటాయి. మెత్తటి రాయి అరిగి లోయ అయింది. ఇసుక గట్టిపడిన క్వార్ట్‌జైట్ రాయి నిట్టనిలువుగా నిలబడింది. దుర్గానికి సగం కోట ఆ రాయే.

నదులు కూడా ఈ ముడతలు చెప్పినట్టే నడిచాయి. సగిలేరు ఉత్తరం నుంచి, చెయ్యేరు దక్షిణం నుంచి వచ్చి పెన్నలో కలుస్తాయి. పెన్న మాత్రం కొండకు అడ్డంగా కోసుకుని సోమశిల దగ్గర మన ఆత్మకూరు వైపు దిగుతుంది. ఇంత గట్టి కొండను నీళ్లు ఎట్లా కోశాయి? నేల నిదానంగా పైకి లేస్తుంటే నది తన దారి వదలకుండా లోతుకు కోసుకుంటూ పోతుంది. హిమాలయాల్లో సింధు, సట్లెజ్ నదులు చేసింది ఇదే. అక్కడ కొండలు ఇంకా పెరుగుతున్నాయి. మనవి ముసలి కొండలు, కానీ పూర్తిగా నిద్రపోలేదు. 1967లో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2015లో వరికుంటపాడు వైపు కూడా నేల కొంచెం అదిరింది.

ఇదంతా మనకెందుకు అంటారా? 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కొండకు అవతల పడిన వాన సోమశిల సందులోంచే మన జిల్లా మీదకు వచ్చింది. ఆ నీళ్లకు వేరే దారి లేదు. మన యానాది కాలనీలేమో చాలావరకు ఏటి ఒడ్డునో, వాగు పోరంబోకులోనో ఉంటాయి. ఎవరికీ పనికిరాని పల్లపు నేలే మన వాటాకు వస్తుంది. నీళ్లు వచ్చినప్పుడు ముందు మునిగేదీ మనమే.

మన పెద్దోళ్లు బడికి పోలేదు. కానీ ఏ ఇసుకలో చెలమ తీస్తే నీళ్లు పడతాయో, వాగు పాత దారి ఏదో వాళ్లకు తెలుసు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మేము వాళ్లను అడిగి, బొగ్గేరు, పెన్న ఎంతదాకా పొంగాయో కాగితం మీద గీసుకుని వస్తాం. మీరూ మీ ఊళ్లో ఆ పని చేయండి. రేపు ఇళ్ల స్థలాలు ఇచ్చేటప్పుడు ఆ కాగితం చూపించి, మాకు మెరక నేల కావాలి అని గట్టిగా అడుగుదాం.