సంసిద్ధత ఎవరికి? టోక్యో, వాషింగ్టన్ అనుభవాలు

మాటలకీ చరిత్ర వుంటుంది. ‘సామూహిక విధ్వంసక ఆయుధాలు’ అనే మాట వినగానే ఇవాళ మన కళ్ళముందు మెదిలేది ఎక్కడో దాక్కున్న ఉగ్రవాది బొమ్మ. ఆ మాట పుట్టినప్పుడు మాత్రం వేలు చూపించింది ప్రభుత్వాల వైపే. 1937 డిసెంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు స్పెయిన్‌లోనూ చైనాలోనూ జనావాసాల మీద విమానాలు కురిపించిన మంటల్ని తలుచుకుంటూ ఆ మాట వాడాడు. ఆ ఏడాది ఏప్రిల్లోనే గెర్నికా పట్టణం బూడిదయింది. 1948లో ఐక్యరాజ్యసమితి కమిషన్ ఒకటి ఆ మాటకి నిర్వచనం యిచ్చి, అణ్వాయుధాల్నీ విషరసాయనాల్నీ రోగక్రిముల్నీ ఒకే గాటన కట్టింది. అప్పుడూ దృష్టిలో వున్నవి రాజ్యాలే. మరో యాభై ఏళ్ళకి ఆ మాట చేతులు మారింది. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి భద్రతామండలిలో ఒక చిన్న గాజుసీసా పైకెత్తి చూపించాడు. వచ్చే నెలలోనే ఇరాక్ మీద బాంబులు పడ్డాయి. అక్కడ అలాంటి ఆయుధాల నిల్వలు లేవని అమెరికా పంపిన తనిఖీ బృందమే 2004లో తేల్చింది.

ఒక మాట అర్థం ఎలా మారిందో, ఎవరి ప్రయోజనం కోసం మారిందో పరిశీలించటం సాహిత్య విద్యార్థుల పనే కాబట్టి ఇక్కణ్ణించి మొదలుపెట్టాను. కానీ ఈ వ్యాసం అక్కడితో ఆగితే, ప్రమాదం అంతా కల్పితం అన్న అర్థం వస్తుంది. అది నిజం కాదు. ప్రభుత్వాలు కానివాళ్ళు విషవాయువును జనం మీద ప్రయోగించారు. ఆనాడు ప్రభుత్వం ఏ స్థితిలో వుందో తెలుసుకోవాలంటే జపాను చరిత్రలోకి వెళ్ళాలి.

సారిన్ అనేది 1938లో జర్మనీలో ఐ.జి.ఫార్బెన్ కంపెనీ రసాయనవేత్తలు కనిపెట్టిన విషం. వాళ్ళు వెదుకుతున్నది పురుగులమందు కోసం. దొరికినది మనుషుల్ని చంపే మందు. ఇది మన పత్తిచేలల్లో చల్లే ఆర్గానోఫాస్ఫేటు మందులకి దగ్గర చుట్టం. 1997-98లో వరంగల్లు జిల్లాలో పత్తిరైతులు తాగి ప్రాణాలు తీసుకున్న మందుల్లో ఈ జాతివే ఎక్కువ. ఆ రైతులకి డాక్టర్లు ఎక్కించిన అట్రోపిన్, పామ్ అనే మందులే సారిన్‌కి కూడా విరుగుడు. శత్రుసైన్యం కోసం దాచిన విషానికీ, అప్పుల్లో మునిగిన రైతు ఇంటి అటక మీద వుండే డబ్బాకీ మధ్య వున్న దూరం మనం అనుకునేంత పెద్దది కాదు.

1994 జూన్ 27 రాత్రి జపానులోని మట్సుమోటో పట్టణంలో ఒక నివాసప్రాంతం మీద సారిన్ ఆవిరి పాకింది. ఓమ్ షిన్రిక్యో అనే మతసంస్థ ఒక భూమి తగాదాలో కోర్టు తీర్పు తనకి వ్యతిరేకంగా రాబోతోందని, ఆ న్యాయమూర్తులు కాపురముండే చోట ఈ పని చేసింది. అప్పుడు ఏడుగురు చనిపోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. పోలీసులు ఎవర్ని అనుమానించారు? భార్య పడిపోయిందని మొట్టమొదట అంబులెన్సుకి ఫోను చేసిన పొరుగింటి మనిషిని! అతని ఇంట్లో రసాయనాలూ పురుగులమందులూ దొరికాయి. ఇంకేం కావాలి? తోటకి మందు కలపబోయి విషవాయువు పుట్టించాడన్నారు. జూలై మొదటి వారానికే అది సారిన్ అని పరీక్షల్లో తేలింది. పురుగులమందు డబ్బాలు కలిపితే సారిన్ తయారు కాదని రసాయనశాస్త్రం చదివినవాళ్ళు చెపుతూనే వున్నారు. అయినా పత్రికలు నెలల తరబడి ఆ మనిషినే నేరస్థుణ్ణి చేసి రాశాయి. అసలు సంగతి బయటపడ్డాక, 1995లో, పెద్ద పత్రికలు క్షమాపణలు అచ్చువేశాయి. అతని భార్య పధ్నాలుగేళ్ళు స్పృహ లేకుండానే వుండి 2008లో చనిపోయింది. ఎనిమిదో మృతి ఆమెది.

సాక్ష్యాలు లేవా అంటే, వున్నాయి. ఫ్యూజీ పర్వతం కింద కమికుయిషికి అనే పల్లెలో ఆ సంస్థకి భవనాలున్నాయి. 1994 జూలైలోనే ఆ పల్లెవాళ్ళు ఘాటైన వాసన వస్తోందని, ఆకులు వాడిపోతున్నాయని ఫిర్యాదు చేశారు. ఆ నేలలోని మట్టిలో సారిన్ తాలూకు అవశేషాలున్నట్టు నవంబరుకల్లా పోలీసుల ప్రయోగశాలకి తెలిసింది. 1995 జనవరి 1న యొమియురి పత్రిక ఆ సంగతి మొదటి పుటలో వేసింది. అంతకుముందు 1989 నవంబరులోనే, ఆ సంస్థ మీద కేసులు వేస్తున్న ఒక యువ న్యాయవాది భార్యా పసిబిడ్డలతో సహా మాయమయ్యాడు. ఇంట్లో ఆ సంస్థ బిళ్ళ దొరికినా దర్యాప్తు ముందుకు కదల్లేదు. మతసంస్థగా రిజిస్టరయిన దాని జోలికి పోవటానికి పోలీసులు వెనకాడారని తరవాత చాలామంది రాశారు. కావచ్చు. అయితే ఇదే పోలీసు యంత్రాంగం 1950ల నుంచీ కార్మికసంఘాల మీదా విద్యార్థుల మీదా కన్నువెయ్యటానికి ఏనాడూ వెనకాడలేదు. పాలకవర్గం ఎవరికి భయపడుతుందో వాళ్ళ మీదే దాని చూపు నిలుస్తుంది. మిగతావైపు చూపు మసకబారుతుంది.

చివరికి 1995 మార్చి 22న సోదాలు చెయ్యాలని నిర్ణయించారు. దానికోసం పోలీసులు సైన్యం దగ్గర విషవాయు తొడుగులు అరువు తెచ్చుకుని వాడకం నేర్చుకున్నారు. అంటే, ప్రభుత్వం సిద్ధపడింది! తన మనుషుల వరకూ సిద్ధపడింది. రైళ్ళలో వెళ్ళే జనానికీ, స్టేషన్లలో పనిచేసేవాళ్ళకీ, ఆస్పత్రులకీ ఒక్క ముక్క చెప్పలేదు. సోదా సంగతి పసికట్టిన సంస్థ రెండు రోజుల ముందే, మార్చి 20 సోమవారం పొద్దున ఎనిమిది గంటలప్పుడు, అయిదు భూగర్భ రైళ్ళలో దెబ్బ కొట్టింది. న్యూసుపేపరులో చుట్టిన ప్లాస్టిక్ సంచుల్ని గొడుగుల మొనతో పొడిచి దిగిపోయారు. ఆ మూడు లైన్లూ కలిసేది ప్రభుత్వ కార్యాలయాలుండే కసుమిగసెకి స్టేషన్లో.

తరవాత జరిగిన దాన్ని కాస్త నింపాదిగా చూడాలి, ఎందుకంటే సంసిద్ధత అనే మాటకి అసలు అర్థం అక్కడ తేలుతుంది. ఏదో ద్రవం ఒలికిందని స్టేషను సిబ్బంది చేత్తోనే ఎత్తి, తుడిచారు. కసుమిగసెకిలో అలా ఎత్తిన ఇద్దరు ఉద్యోగులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక రైలు విషంతో గంటకి పైగా నడుస్తూనే వుంది. చివరి స్టేషనుదాకా పోయి, వెనక్కి తిరిగి మళ్ళీ జనాన్ని ఎక్కించుకుంది. అగ్నిమాపక శాఖ మొదటి పరీక్షలో అది అసిటోనైట్రైల్ అనే వేరే రసాయనంగా తేలింది. పదకొండు గంటలకి పోలీసులు సారిన్ అని ప్రకటిస్తే, ఆస్పత్రిలో రోగుల నాడి పట్టుకుని వున్న డాక్టర్లు ఆ సంగతి టీవీలో విన్నారు!

ఆ ఉదయం జనాన్ని కాపాడినవి ప్రభుత్వ ఫైళ్ళు కావు. మట్సుమోటోలో రోగుల్ని చూసిన విశ్వవిద్యాలయ వైద్యుడొకాయన టోక్యో దృశ్యాలు టీవీలో చూసి, ఆ లక్షణాలు గుర్తుపట్టి, ఎవరూ అడక్కుండానే ఆస్పత్రులకి ఫోన్లు చేసి చికిత్స విధానం ఫాక్సులో పంపాడు. సెయింట్ ల్యూక్స్ ఆస్పత్రికి ఆ ఒక్కరోజే 640 మంది వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది అంబులెన్సులో కాదు, నడిచీ, టాక్సీల్లోనూ, దారిన పోయే వాళ్ళ కార్లలోనూ వచ్చారు. ఆ ఆస్పత్రి అధిపతి హినొహరా ఎనభై మూడేళ్ళ ముసలాయన. 1945 మార్చిలో టోక్యో మీద అమెరికా విమానాలు నిప్పులు కురిపించిన రాత్రి, కాలిపోయిన మనుషుల్ని చోటులేక బయటే వదిలేయాల్సి రావటం ఆయన మరిచిపోలేదు. (1970లో రెడ్ ఆర్మీ ముఠా ఎత్తుకుపోయిన విమానంలో కూడా ఆయన ప్రయాణికుడే. చరిత్ర కొందరి ఇంటికి పదేపదే వస్తుంది కాబోలు.) అందుకనే కొత్త భవనం కట్టేటప్పుడు, ఎంతమంది విసుక్కున్నా, నడవాల్లోనూ ప్రార్థన మందిరంలోనూ కూడా ఆక్సిజన్ గొట్టాలు గోడల్లో పెట్టించాడు. ఆ గోడల పక్కనే ఆ రోజు వందలమంది వూపిరి పీల్చుకున్నారు. అయినా లోపాలు లేకపోలేదు. రోగుల బట్టలకి అంటుకున్న ఆవిరే ఆస్పత్రి సిబ్బందిలో దాదాపు నాలుగోవంతు మందికి సోకిందని తరవాత వాళ్ళే లెక్క తీశారు.

పన్నెండుమంది చనిపోయారన్నారు. తరవాత పదమూడన్నారు. ఇరవై అయిదేళ్ళు మంచంలో వున్న ఒక స్త్రీ 2020లో పోవటంతో పద్నాలుగు అయింది. దెబ్బతిన్నవాళ్ళు దాదాపు ఆరువేలు.

ప్రభుత్వం ఏం నేర్చుకుంది? నెల తిరక్కుండా సారిన్ తయారీని నేరం చేస్తూ చట్టం వచ్చింది. అది అవసరమే. దాంతోపాటు 1952 నాటి విద్రోహ కార్యకలాపాల నిరోధక చట్టాన్ని బయటికి తీశారు. అది పుట్టింది కమ్యూనిస్టుల్ని అణచటానికి. ఓమ్ సంస్థని ఆ చట్టం కింద రద్దు చెయ్యాలని ప్రభుత్వం కోరితే, నిజానిజాలు చూడాల్సిన కమిషను 1997 జనవరిలో ఒప్పుకోలేదు. జపానులోని పౌరహక్కుల వాదులు ఆ సంస్థ మీద ఏ ప్రేమా లేకుండానే ఆ చట్టాన్ని వ్యతిరేకించారు. దీన్ని మనం గుర్తుంచుకోవాలి. తరవాత 1999లో నిఘా కోసం వేరే చట్టం వచ్చింది. పదముగ్గురికి 2018 జూలైలో వురి వేశారు.

టోక్యో చూసి ఎక్కువగా వులిక్కిపడింది అమెరికా. 1996లో చట్టం చేసి 120 నగరాల్లో అగ్నిమాపక, వైద్య సిబ్బందికి శిక్షణ మొదలుపెట్టారు. ఇక్కడ రచయితలకి సంబంధించిన ఒక విడ్డూరం వుంది. రిచర్డ్ ప్రెస్టన్ రాసిన ‘ద కోబ్రా ఈవెంట్’ అనే రోమాంచక నవల చదివి అధ్యక్షుడు క్లింటన్ కలవరపడ్డాడని, అది నిజంగా సాధ్యమా అని నిపుణుల్ని అడిగాడని 1998లో అక్కడి పత్రికలు రాశాయి. నవలకి అంత శక్తి వుందని సంతోషించాలో, పల్లెజనం ముక్కుకి తగిలిన వాసనకంటే పాలకులకి నవలే ఎక్కువ నమ్మదగ్గదయిందని ఏడవాలో తెలీదు.

ఆ తరవాత విన్యాసాలు జరిగాయి. 2001 జూన్‌లో మశూచి దాడి జరిగినట్టు వూహించుకుని పెద్దలంతా బల్లచుట్టూ కూచుని ఒక ఆట ఆడారు. నాలుగు నెలలు తిరక్కుండా నిజమైన దాడే వచ్చింది. కవర్లలో ఆంత్రాక్సు పొడి. అక్టోబరు 15న సెనేటు నాయకుడి ఆఫీసులో ఒక కవరు తెరిచారు. ఆఫీసువాళ్ళకి ఆ రోజే పరీక్షలు, ఆ రోజే మందులు. భవనం మూసేశారు. ఆ కవరు నడిచి వచ్చిన బ్రెంట్‌వుడ్ తపాలా కేంద్రం మాత్రం 21 దాకా పనిచేస్తూనే వుంది. అక్కడి వుత్తరాల యంత్రాల దగ్గర నిలబడేవాళ్ళు ఎక్కువమంది నల్లజాతి కార్మికులు. అంటించిన కవరులోంచి పొడి బయటికి రాదని నిపుణులు అనుకున్నారట. ఒక కార్మికుడు 21 తెల్లవారుజామున అత్యవసర నంబరుకి తానే ఫోను చేసి, తనకి ఆంత్రాక్సు సోకిందని అనుమానమని, ఫలానా రోజు ఫలానా పొడి కనిపించిందని, పరీక్షలో ఏం తేలిందో పైవాళ్ళు చెప్పలేదని వివరంగా చెప్పాడు. కొద్దిగంటల్లో చనిపోయాడు. ఆ రికార్డు తరవాత బయటికొచ్చింది. ఇంకొకతను ఆస్పత్రికి వెళితే ఇంటికి పంపించేశారు. మర్నాడు పోయాడు. ఆ దాడుల్లో దేశం మొత్తం మీద చనిపోయినవాళ్ళు అయిదుగురు.

ఆ పొడి ఎక్కడిది? అమెరికా సైన్యపు ప్రయోగశాలలో పెంచిన క్రిమి నుంచి వచ్చిందని పరిశోధక సంస్థే తేల్చింది. మొదట ఒక శాస్త్రవేత్తని ఏళ్ళతరబడి వెంటాడి, తప్పు తెలుసుకుని 2008లో యాభై ఎనిమిది లక్షల డాలర్లకి రాజీపడ్డారు. తరవాత అదే ప్రయోగశాలలో పనిచేసే మరొకరి మీద నేరం మోపబోతుండగా అతను ఆత్మహత్య చేసుకున్నాడు. శాస్త్రీయ సాక్ష్యం ఒక్కటే చూస్తే ఖాయంగా చెప్పలేమని 2011లో జాతీయ శాస్త్ర అకాడమీ నివేదిక అంది. ఏమయినా, విషం నుంచి కాపాడటానికి విషాన్ని పెంచిన చోటే వేలు ఆగింది. అయినా 2003 ఫిబ్రవరిలో ప్రభుత్వం జనానికి చెప్పిందేమిటి? ప్లాస్టిక్ పట్టాలూ అతికించే టేపూ కొనిపెట్టుకోండి, కిటికీలు మూసుకోండి అని! దుకాణాల్లో టేపు అయిపోయింది. మరుసటి ఏడు మందుల కంపెనీల దగ్గర టీకాలు కొనటానికి పదేళ్ళకి 560 కోట్ల డాలర్లు కేటాయించారు.

మన దేశంలో కూడా రసాయనిక ఉగ్రవాదం మీద జాతీయ విపత్తు సంస్థ 2009లో మార్గదర్శకాల పుస్తకం వేసింది. భోపాల్లో 1984 డిసెంబరు 2 రాత్రి జనం ఏ విషం పీలుస్తున్నారో డాక్టర్లకి కంపెనీ చెప్పలేదు కాబట్టి, ఆ పుస్తకం రావాల్సిందే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్ ఆవిరి వీధుల్లోకి వచ్చినప్పుడు మాత్రం కంపెనీ సైరను మోగలేదు. పన్నెండుమంది చనిపోయారు. సైరను మోగలేదన్న మాట ప్రభుత్వం వేసిన కమిటీయే రాసింది. అది ఉగ్రవాదం కాదు, నిజమే. కానీ వూపిరితిత్తులకి ఆ తేడా తెలీదు.

టోక్యో దాడి తరవాత హరుకి మురకామి అనే నవలాకారుడు ఏడాదిపాటు, ఆ రైళ్ళలో వున్నవాళ్ళని వెదికి, అరవైమందికి పైగా చెప్పింది చెప్పినట్టు రాసుకుని 1997లో ‘అండర్‌గ్రౌండ్’ అనే పుస్తకం వేశాడు. నిందితుల ముఖాలతో టీవీలు నిండిపోయిన రోజుల్లో ఆయన గుమాస్తాల్నీ స్టేషను వుద్యోగుల్నీ మాట్లాడించాడు. మరుసటి ఏడు ఆ సంస్థలో చేరిన మామూలు మనుషుల్ని కూడా. ఆ పుస్తకంలో నన్ను వదలని సంగతి ఒకటి. కళ్ళముందు లోకం చీకటిగా కనిపిస్తున్నా, కాళ్ళు తడబడుతున్నా, చాలామంది ఆ పొద్దున ఆస్పత్రికి పోలేదు. ఆలస్యమవుతుందని ఆఫీసుకి వెళ్ళారు.