సెలవు

‘ఇక సెలవు’ అని లేచి వెళ్తాం. ‘తమరు సెలవిచ్చినట్టే చేస్తాం’ అని పెద్దలకు విన్నవిస్తాం. పాత తెలుగులో సెలవు అంటే అనుమతి, ఆజ్ఞ. ఖర్చు అనే అర్థమూ ఉంది. తమిళంలో ‘సెలవు’కు నేటికీ అదే వాడుక. పని లేని రోజు అన్న అర్థం ఆఫీసులు, బడులతో బలపడింది.

అనుమతి అనే ఆ పాత అర్థం సర్కారు నిబంధనల్లో ఇంకా చెక్కుచెదరలేదు. ఐఏఎస్ అధికారి సెలవులకు ఆధారం 1955 నాటి అఖిల భారత సర్వీసుల సెలవు నియమాలు. ఏడాదికి 30 ఆర్జిత సెలవులు, జనవరిలో 15, జులైలో 15 ఖాతాలో పడతాయి. సగం జీతపు సెలవులు మరో 20. అయినా సెలవును హక్కుగా అడగరాదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం పైవారి చిత్తం. జిల్లాను ఏలే కలెక్టరైనా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

తుపానులు, ఎన్నికలు, అసెంబ్లీ సమావేశాలు ఉన్నప్పుడు ఆ కాగితం కదలదు. అందుకే చాలామందికి సెలవులు పోగుపడతాయి. పదవీ విరమణ నాడు 300 రోజుల వరకు డబ్బుగా చేతికొస్తాయి. డబ్బు మంచిదే, కానీ అలసిన అధికారికి కావలసింది విశ్రాంతి. ఆర్జించిన సెలవును అడిగినప్పుడు ఇవ్వండి.