లంక పొగాకు, తొలి దమ్ము: తల ఎందుకు తిరుగుతుంది?

ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమి పాయ ఎడమ ఒడ్డున ఉన్న ఊరు కపిలేశ్వరపురం. ఈ పాయల మధ్య మేటలు వేసి ఏర్పడిన దీవులను మనం లంకలు అంటాం. వరద లంకల మీదుగా పోయి, తీసేటప్పుడు ఒండ్రు వదిలిపెడుతుంది. వానాకాలంలో అక్కడ వేసిన పైరుకు నమ్మకం లేదు. వరద తగ్గిన తరువాత వేసే పంటలకు మాత్రం అంత సారవంతమైన నేల అరుదు. గోదావరి లంకల్లో అలా స్థిరపడిన పంటల్లో పొగాకు ఒకటి.

ఈ పొగాకుతో చుట్టిన చుట్టకు ఎంత పేరు వచ్చిందో గమనించండి. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశంలో ‘లంకా’ అన్న మాటకు ప్రత్యేకంగా ఆరోపం ఉంది. గోదావరి డెల్టా దీవుల్లో పండిన ఆకుతో చేసిన ఘాటైన చుట్ట అని అందులో వివరించారు. 1890లో వెలువడిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్, హంతకుడు లంక చుట్ట కాల్చేవాడని తెలిస్తే వెతకవలసిన వారి సంఖ్య తగ్గిపోతుందని చెబుతాడు. లండన్ పాఠకుడికి మన లంక పేరు చేరింది ఆ విధంగా, ఒక చుట్ట బూడిద ద్వారా!

చరిత్ర గ్రంథాల్లో పొగాకు సాధారణంగా ఎగుమతి లెక్కగా, పన్నుగా, కంపెనీ పేరుగా కనిపిస్తుంది. ఈ పాఠంలో మరో ఆధారాన్ని పరిశీలిద్దాం. అది మనిషి శరీరం. మొదటిసారి చుట్టో సిగరెట్టో కాల్చినవారికి తల తిరగడం, చెమట పట్టడం, కడుపులో తిప్పడం మీరు చూసే ఉంటారు. ఎందుకు అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ‘పొగకు ఊపిరాడక’ అని. ఈ జవాబు పూర్తిగా తప్పు కాదు, కాని అసలు కారణం అది కాదు. పొగే కారణమైతే, అలవాటు లేని మనిషి పొగాకు కాడ నమిలినప్పుడు తల తిరగకూడదు. జర్దా కిళ్ళీ వేసుకున్నా తిరగకూడదు. కాని తిరుగుతుంది. అంటే కారణం మంటలో లేదు, ఆకులోనే ఉంది.

ఆ పదార్థం నికోటిన్. 16వ శతాబ్దంలో లిస్బన్‌లో ఫ్రాన్స్ రాయబారిగా ఉండి, పొగాకును తన దేశపు రాజసభకు పరిచయం చేసిన జాన్ నికో పేరు మీదుగా మొక్కకు, ఈ పదార్థానికి ఆ పేరు వచ్చింది. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమన్ దానిని ఆకు నుంచి వేరుచేశారు. మొక్క దృష్టితో చూస్తే నికోటిన్ పురుగులను తరిమే విషం. చాలాకాలం రైతులు దానిని పురుగుమందుగా వాడారు కూడా. పురుగు నరాలను దెబ్బతీసే గుణమే మనిషి నరాల మీదా పనిచేస్తుంది. తేడా మోతాదులోనే ఉంది.

ఇది ఎలా జరుగుతుందో కనుక్కోవడంలో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు జాన్ లాంగ్లీ పాత్ర పెద్దది. 1889లో ఆయన, డికిన్సన్ కలిసి జంతువుల నరాల ముడుల మీద నికోటిన్ పూసి, అది ఎక్కడ పనిచేస్తుందో పరిశీలించారు. 1905లో లాంగ్లీ, కణాల మీద ఇలాంటి పదార్థాలను అందుకునే ప్రత్యేక పదార్థం ఉండాలని ప్రతిపాదించాడు. నేడు మనం గ్రాహకాలు అంటున్నది వాటినే. మన శరీరంలో ఎసిటైల్‌కోలిన్ అనే సహజ రసాయనం ఈ గ్రాహకాలను తాకి సందేశాలు అందిస్తుంది. నికోటిన్ దాని స్థానంలో దూరి, పిలవని చుట్టంలా అన్ని తలుపులూ ఒకేసారి తడుతుంది.

పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, చర్మపు రక్తనాళాలు కుంచించుకుపోతాయి, ముఖం పాలిపోతుంది. మెదడు అడుగున వాంతిని ప్రేరేపించే భాగం ఉంది. రక్తంలో విషం కలిసిందేమో కనిపెట్టడం దాని పని. నికోటిన్ దానినీ కదిలిస్తుంది. శరీరపు తూకాన్ని కాపాడే నాడీవ్యవస్థ కూడా తడబడుతుంది. కాల్చినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది కనుక మెదడుకు అందే ఆక్సిజన్ కొంత తగ్గుతుంది. ‘ఊపిరాడక’ అన్న జవాబులో ఉన్న నిజం ఇంతవరకే.

మరి రోజూ కాల్చేవారికి తల ఎందుకు తిరగదు? పదేపదే నికోటిన్ తగిలితే గ్రాహకాలు మొద్దుబారుతాయి. మెదడు వాటి సంఖ్యను పెంచుకొని సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు జరిగాక నికోటిన్ లేకపోతేనే చిరాకు, అశాంతి మొదలవుతాయి. తల తిరగడం పోయిందంటే ఆకు మెత్తబడిందని కాదు, మెదడు మారిందని అర్థం. రాత్రంతా విరామం వచ్చినందువల్ల పొద్దున కాల్చే మొదటి సిగరెట్టు పాత అలవాటుదారుకు కూడా కాస్త తలకెక్కుతుంది.

ఇప్పుడు చరిత్రకు తిరిగి వద్దాం. పోర్చుగీసువారి ద్వారా పొగాకు దక్కనుకు వచ్చింది. 17వ శతాబ్ది ఆరంభంలో అసద్ బేగ్ దానిని బీజాపూరు నుంచి అక్బరు సభకు తీసుకువెళ్ళాడు. చక్రవర్తి రెండు మూడు దమ్ములు పీల్చగానే వైద్యుడు వారించాడు. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. నిషేధం నిలవలేదు. దాదాపు అదే కాలంలో మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వల్డ్, గోల్కొండ రాజ్యంలో పొగాకు విస్తారంగా పండుతున్నదని, మోఖాకు, అరకాన్‌కు ఎగుమతి అవుతున్నదని రాశాడు. ఆకు కొత్తగా వచ్చి కొద్దికాలమే అయినా అప్పటికే సరుకైపోయింది.

చుట్ట నుంచి సిగరెట్టుకు జరిగిన మార్పును ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. చుట్టకు వాడే ఆకు పొగలో క్షారగుణం ఎక్కువ. అందువల్ల నికోటిన్ నోటి చర్మం నుంచే రక్తంలోకి చేరుతుంది. ఆ పొగ గొంతుకు ఘాటు, లోపలికి పీల్చడం కష్టం. బ్యారన్‌లో వేడిగాలితో పదును చేసిన వర్జీనియా ఆకు పొగ ఆమ్లగుణం కలది. గొంతుకు మెత్తగా ఉంటుంది, కాని నికోటిన్ అందాలంటే ఊపిరితిత్తుల దాకా పీల్చాలి. ఐఎల్‌టీడీ కంపెనీ 1912లో ఏర్పడింది. 1920ల్లో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా సాగు, బ్యారన్లు వేళ్ళూనాయి. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ, 1976లో గుంటూరులో పొగాకు బోర్డు వచ్చాయి. వీటిని వ్యవసాయాభివృద్ధి కింద చదువుతాం. కాని నా అభిప్రాయంలో ఇందులో శరీరపు చరిత్ర కూడా ఉంది. లంక చుట్ట కొత్తవాడిని మొదటి దమ్ముకే దగ్గించి తరిమేది. సిగరెట్టు అతన్ని లోపలికి రానిచ్చి, ఆ తరువాత తల తిప్పుతుంది.

కాల్చనివారి సంగతి మిగిలింది. నికోటిన్ నీటిలో కరుగుతుంది, చర్మం గుండా లోపలికి పోతుంది. మంచుతోనో వానతోనో తడిసిన పచ్చి ఆకును కోసి, చంకన పెట్టుకొని మోసే కూలీలకు తల తిరగడం, వాంతులు, నీరసం వస్తాయి. దీనిని పచ్చాకు జబ్బు అనవచ్చు. వైద్య పత్రికల్లో ఇది మొదట నమోదైనది 1970లో, అమెరికాలోని ఫ్లోరిడా కూలీల విషయంలో. పొగాకు సాగు ప్రపంచమంతటా పాకి అప్పటికి మూడు వందల ఏళ్ళు దాటింది. ఆకు ధర, నాణ్యత, ఎగుమతి లెక్కలు ఏనాటినుంచో రాసి ఉన్నాయి. కోసినవారి తలతిరుగుడును మాత్రం పొద్దున ఏమీ తినకపోవడం వల్లనో, ఎండ దెబ్బ వల్లనో అని సరిపెట్టుకున్నారు. మీ ప్రాంతంలో పొగాకు కోతకు, ఆకు గుచ్చడానికి వెళ్ళిన పెద్దవారు ఉంటే, మంచు ఆరకముందు పనిచేసిన రోజుల్లో ఒంట్లో ఎలా ఉండేదో అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. తరువాతి భాగంలో మౌఖిక ఆధారాలను చర్చించేటప్పుడు ఆ కాగితం మీకు పనికివస్తుంది.