పిలిచేవాళ్ళ ప్రాణం

వ్రతంలో దేవతను ఆవాహన చేస్తాం, పూజయ్యాక ఉద్వాసన చెప్తాం. ఈ రెండు మాటలూ తెలిసిన మనకి వీడియో గేముల్లోని 'సమ్మనర్' పాత్ర అర్థం కావడం కష్టమేమీ కాదండీ. తను స్వయంగా కత్తి దూయడం తక్కువ. తన తరఫున పోరాడేవాళ్ళని రప్పించుకోవడమే ఆ పాత్ర బలం. మరి రప్పించినందుకు ఏం చెల్లించాలి? ఈ పాత్ర చరిత్రంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందనిపిస్తుంది నాకు.

1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వచ్చింది. కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం, పెన్సిలు, పాచికలు చాలు. అందులో మంత్రగాడు అగ్ని, జలం లాంటి భూతాల్ని పిలవచ్చు. కానీ వాటి మీద అదుపు తప్పితే అవి పిలిచినవాడి మీదకే తిరగబడతాయి.

జపాన్‌లో స్క్వేర్ కంపెనీ 1990లో తెచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 3'తో ఆ సిరీస్‌లోకి సమ్మనర్ అడుగుపెట్టింది. మరుసటేడు వచ్చిన నాలుగో భాగంలో రిడియా అనే చిన్నపిల్ల ఉంటుంది. వాళ్ళమ్మ పిలిచిన డ్రాగన్‌ని కథానాయకుడు విషయం తెలియక చంపేస్తాడు. డ్రాగన్‌తో పాటే ఆ తల్లీ చనిపోతుంది. పిలిచినదాని ప్రాణం, పిలిచినవాళ్ళ ప్రాణం ఒకే ముడి అన్నమాట.

2000లో 'డయాబ్లో 2' వచ్చాక ఈ పాత్రని తయారుచేసుకోవడం పెద్ద లెక్కల వ్యవహారమైంది. 2021లో కొత్త హంగులతో మళ్ళీ విడుదలైన ఆ ఆటనే మా అమ్మాయి ఆడుతుంది. అందులో నెక్రోమాన్సర్ శవాల నుంచి అస్థిపంజరాల్ని లేపుతాడు. (ముందు నేనూ "ఛీ" అన్నానండీ!) ఒక్కో లెవెల్ ఎక్కినప్పుడు విద్యల కోసం 1 పాయింటు, శరీరం కోసం 5 పాయింట్లు ఇస్తారు. విద్యలు 30 ఉంటాయి, ఒక్కోదానిలో 20 పాయింట్ల దాకా పెట్టుకోవచ్చు. తలా ఒకటి పంచితే ఏ విద్యా ముదరదు.

మొదట్లో పాయింటుకో అస్థిపంజరం వచ్చేది. 20 పెడితే 20 మంది. చూడ్డానికి పెద్ద దండే గానీ కష్టమైన దశల్లో ఇట్టే రాలిపోయేవాళ్ళు. 2003లో నియమాలు మార్చారు. ఇప్పుడు 20 పాయింట్లకి వచ్చేది 8 మందే, కానీ గట్టివాళ్ళు. అప్పట్నుంచి వాళ్ళని లేపే విద్యకి 20, వాళ్ళకి బలమిచ్చే విద్యకి 20 పెట్టడం ఆనవాయితీ అయింది. శత్రువు ఒంటిమీద దెబ్బ గట్టిగా తగిలేలా చేసే శాపానికి ఒక్క పాయింటు చాలు. ఒకసారి పెట్టిన పాయింటు వెనక్కి తీసుకునే వీలు మాత్రం 2010 దాకా లేదు. పదేళ్ళపాటు, పెట్టింది పెట్టినట్టే.

ఇక శరీరానికిచ్చే పాయింట్లు. కవచం మొయ్యడానికి కావలసినంత బలానికి పెట్టి, మిగిలినవన్నీ వైటాలిటీకి, అంటే ప్రాణానికి పెట్టాలిట. "యుద్ధం చేసేది వాళ్ళు కదే, వీడికెందుకంత ప్రాణం?" అనడిగాను.

"వీడు పోతే వాళ్ళందరూ ఒక్కసారే పోతారమ్మా" అంది మా అమ్మాయి, తెర మీంచి చూపు తిప్పకుండానే.

మా అమ్మ గుర్తొచ్చింది. నలుగురం పిల్లలం. తన పాయింట్లన్నీ మా చదువులకీ, పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ పెట్టింది. తన ఒంటికి ఒక్కటీ మిగుల్చుకోలేదు, 58 ఏళ్ళకే వెళ్ళిపోయింది. అస్థిపంజరాల్లా మేమేం రాలిపోలేదులెండి. అందరం నిలబడ్డాం, ఎవరి సంసారం వాళ్ళం చేసుకుంటున్నాం. కానీ నలుగురం కలుసుకోవడానికి ఆ ఇల్లు లేకుండా పోయింది.

ఆ గేము తయారుచేసినవాళ్ళు అమ్మల గురించి ఆలోచించి ఉండరు. పదిమందిని నిలబెట్టేవాళ్ళ ప్రాణానికి కూడా లెక్కలో చోటుండాలని మాత్రం వాళ్ళకి తెలుసు. ఈ నెల మీ లెక్కలో మీ పేరున ఎన్ని పాయింట్లున్నాయో ఒకసారి చూసుకోండి.