మత్తడి దూకిన నీళ్ళు ఎటు పోవాలి?

నిజామాబాదు అనగానే మన ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేవి పసుపూ, చక్కెరా. పోపులపెట్టెకీ టీ డబ్బాకీ ఇంత దగ్గరైన జిల్లా మరొకటి లేదేమో! ఆ రెండూ నీళ్ళ చలవే. అయితే ఆ నీళ్ళ కథలో మనం చెప్పుకునేది సగమే. నీళ్ళు తెచ్చిన కథ అందరూ చెబుతారు. నీళ్ళెక్కువైతే ఏం చేయాలో తెలిసిన కథ మాత్రం పాతబడిపోయింది.

ఊరి అసలు పేరు ఇందూరు. 1905లో రైలు స్టేషనుతో పాటు నిజామాబాదు అనే పేరు స్థిరపడింది. గుట్ట మీద రఘునాథాలయం, దాని కోట, కింద రఘునాథ చెరువు, ఊళ్ళోంచి పోయే పులాంగ్ వాగు, ఇదీ పాత ఇందూరు రూపు. (ఆ కోటనే తర్వాత జైలు చేశారు. దాశరథిగారు అందులో ఖైదీగా వుండి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసింది అక్కడే.)

తెలంగాణలో చెరువులు ఒంటరిగా వుండవు, గొలుసుకట్టుగా వుంటాయి. పై చెరువు నిండితే మత్తడి దూకుతుంది. ఆ నీళ్ళు వాగు పట్టుకుని కింది చెరువులోకి వస్తాయి, అక్కణ్ణించి మరో చెరువులోకి. ఇందులో మూడు మాటలు మనం పట్టించుకోవాలి. తూము పొలాలకి నీళ్ళు వదిలేది. మత్తడి ఎక్కువైన నీళ్ళు దాటిపోయేది. శిఖం అంటే చెరువు నిండినప్పుడు మునిగే నేల. ఎండాకాలంలో ఆ శిఖంలో దోసపాదులు పెట్టుకునేవారు, పశువుల్ని మేపుకునేవారు, అంతేగానీ ఇల్లు కట్టేవారు కాదు. తూములు ఎత్తడానికీ దించడానికీ నీరటి అని ఒక మనిషే వుండేవాడు. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పాలా! వానలు వెనకబడే వేళకి వచ్చే పండుగ బతుకమ్మ. ఏటా పూలు నెత్తిన పెట్టుకుని కట్ట దాకా నడిచేవాళ్ళకి, ఈ ఏడు నీళ్ళు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో ఒకరు చెప్పాలా?

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. దాంతో నిజాం సర్కారుకి వరద అంటే భయమూ పుట్టింది, తెలివీ వచ్చింది. విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. నగరానికి ఎగువన వరదని ఆపే జలాశయాలు కట్టమన్నారాయన. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. ఆ తరంలోనే నవాబు అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు 1923లో మంజీర మీద నిజాంసాగర్ మొదలుపెట్టి 1931కి ముగించాడు. ఆయన పుట్టినరోజు, జూలై 11న, తెలంగాణలో ఇప్పుడు ఇంజనీర్ల దినం జరుపుతున్నారు. ఆ జలాశయం కింద పదులకొద్దీ ఊళ్ళు మునిగాయి. వాటిని మాత్రం ఎవరూ పండుగలో తలుచుకోరు.

కాలవ వచ్చాక బోధన్ వైపు నేల ముఖమే మారిపోయింది. కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. చెరకు నాటారు. 1930ల చివర బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. అది 2015 డిసెంబరులో మూతబడింది. ఆ కథ చెబితే మరో వ్యాసం అవుతుంది.

నిజాంసాగర్‌కి కట్టిననాడు దాదాపు 30 టీఎంసీల జాగా వుండేది. ఎగువనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు సగానికి పైగా తినేసింది. 1970లలో నీటిమట్టం ఎత్తు పెంచినా ఇప్పుడు 17.8 టీఎంసీలే. అంటే వరదని కడుపులో దాచుకునే చోటు తగ్గిందన్నమాట. గేట్లెత్తితే ఆ నీరు బోధన్ పొలాల పక్కనుంచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలవాలి. అప్పుడే గోదావరి కూడా పొంగి, దిగువన శ్రీరాంసాగర్ నిండుగా వుంటే మంజీరకి దారి దొరకదు, వెనక్కి తంతుంది. చెరకు కొన్నాళ్ళు నీళ్ళలో నిలిచినా తట్టుకుంటుంది. సోయా తట్టుకోదు. పసుపు దుంప అయితే కుళ్ళిపోతుంది.

ఇక పట్నం. 2011 జనాభా లెక్కల్లో నిజామాబాదు 3 లక్షలు దాటింది. ఇంతమంది ఇళ్ళు ఎక్కడ కట్టుకోవాలి? మెరక నేల అయిపోయాక పల్లం మీద చూపు పడుతుంది. మా బంధువుల్లో ఒకావిడ గాజులమ్మి ప్లాటు కొన్నది. చూపించింది ఏప్రిల్‌లో, అద్దంలా ఆరిన నేల! గృహప్రవేశమైన రెండో వానాకాలానికే వంటింట్లో మోకాటి లోతు నీళ్ళు. వానదే తప్పంటారు అందరూ. వాన తన పాతదారినే వచ్చిందని ఆ ప్లాటు అమ్మినవాడికి తెలియదా?

వానలూ మునుపట్లా లేవు సుమండీ. 2023 జూలైలో ఇదే జిల్లా వేల్పూరులో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకి పైగా కురిసింది. 2025 ఆగస్టు చివర పక్కనే కామారెడ్డి జిల్లాలోనూ అంతపనీ అయింది. 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు మీదికి 70 వేల క్యూసెక్కులకి కట్టిన చోట లక్షా 80 వేలకి పైగా వచ్చిపడితే, కట్ట కోతపడిందిగానీ తెగలేదు. ఆ ముసలికట్టని చూసి ఊళ్ళకి ఊళ్ళు దణ్ణాలు పెట్టుకున్నాయంటే ఆశ్చర్యమేముంది!

నిబంధనలు లేవా అంటే వున్నాయి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లూ అంతకి మించిన చెరువైతే నిండుమట్టం నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. వాగు పది మీటర్లకి మించి వెడల్పుంటే దానికీ 9 మీటర్లు. ఈ అంకెలు ప్లాటు కాగితాల మీద కనిపించవు, గ్రామ నక్షా తీయించాలి. మన ఇళ్ళలో నగల బేరానికి ముగ్గురు ఆడవాళ్ళం వెళతాం, ప్లాటు బేరానికి మాత్రం మగవాళ్ళని పంపిస్తాం. ఈసారి మనమూ వెళదాం, అదీ ఆషాఢంలో నాలుగు వానలు పడ్డాక. ఆ వీధిలో డెబ్బై దాటిన అవ్వ ఎవరైనా వుంటే, చిన్నప్పుడు బతుకమ్మని ఎక్కడ వేసేవాళ్ళో అడుగుదాం. ఆమె చెయ్యెత్తి ఎటు చూపిస్తుందో చూసుకుని బయానా ఇవ్వవచ్చు.